మొదటి పుల్ రిక్వెస్ట్ పంపిన కుర్రాడికి ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటూ ఒక ఐటీ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తున్నాను. సంఖ్యలను తెలుగు మాటల్లోకి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి రాసి కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా తెరిచి చూసేలా పెట్టాను. బిల్లుల మీద, రసీదుల మీద 'అక్షరాలా ఇన్ని రూపాయలు' అని రాయడానికి కొందరు దాన్ని వాడుతున్నారు. ఇన్నాళ్లూ దాని మీద పనిచేసింది నేనొక్కదాన్నే. ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ విద్యార్థి పుల్ రిక్వెస్ట్ పంపాడు, అంటే తను చేసిన మార్పును లైబ్రరీలో కలుపుకోమని అడిగాడు. అతనికి ఇదే మొదటిదట. 1116 ఇస్తే లైబ్రరీ 'ఒక వెయ్యి ఒక వంద పదహారు' అంటోందని, అలా ఎవరూ అనరని, 'వెయ్యి నూట పదహారు' అని వచ్చేలా సరిచేశాడు. చూసి సంతోషమేసింది. కానీ తెరిస్తే 19 ఫైళ్లు మారి ఉన్నాయి. అతని ఎడిటర్ కోడ్ మొత్తాన్నీ తన పద్ధతిలో సర్దేసింది. మార్పు సరిగా పనిచేస్తోందో చూసే టెస్టులు అతను రాయలేదు. ఏం మార్చాడో చెప్పాల్సిన కమిట్ సందేశం 'అప్‌డేట్' అని ఒక్క మాట. పైగా ఇప్పుడు 100 ఇస్తే 'నూట' అని వస్తోంది. నేనే రాసుకుంటే అరగంట పని. అతనికి వివరించాలంటే రెండు మూడు సాయంత్రాలు పోతాయి. తప్పులు చెబితే బాధపడతాడేమోనని టెన్షన్. చెప్పకుండా మెర్జ్ చేస్తే, అంటే కలిపేసుకుంటే, లైబ్రరీ పాడవుతుందని భయం. నాలుగైదు రోజులైనా జవాబు రాయలేకపోయాను. నిన్న 'రెస్పెక్టెడ్ మేడమ్, ప్లీజ్ మెర్జ్' అని ఒక కామెంట్, నన్ను కోలాబరేటర్‌గా చేర్చుకుంటారా అని ఇంకో కామెంట్ పెట్టాడు. ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు అతనికి ఒక చిన్న జవాబు రాయండి, ఈ రోజే. కోడ్ మీద తీర్పు చెప్పక్కర్లేదు. చూశాను, సంతోషం, ఫలానా రోజుకల్లా పూర్తిగా చదివి చెబుతాను అంటే చాలు. ఆ ఫలానా రోజు మాత్రం నిజంగా మీకు వీలయ్యే రోజే అయ్యుండాలి.

ఇంత తొందరపెట్టడానికి కారణం ఉంది. మొదటిసారి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపినవాళ్లు తర్వాత ఏమవుతున్నారో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు ఒకప్పుడు గమనించారు. 48 గంటల్లోపు రివ్యూ అందినవాళ్లు మళ్లీ వచ్చి పనిచేయడం చాలా ఎక్కువగా కనిపించింది. ఏడు రోజులు దాటాక అందినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు దాదాపు లేరు. మీరు 48 గంటలు ఎలాగూ దాటారు, ఏడు రోజులు దాటకండి.

మీ మౌనం అటువైపు నుంచి ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఆ కుర్రాడు కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటాడు. ప్రాజెక్టు ప్రతిని తన ఖాతాలోకి తెచ్చుకునే ఫోర్క్ అంటే ఏమిటో, కంప్యూటర్‌లోకి దింపుకునే క్లోన్ అంటే ఏమిటో వీడియోలు చూసి తెలుసుకుని ఉంటాడు. మీ కోడ్‌లో సంఖ్యను ముక్కలు చేసే చోటు ఎక్కడుందో వెతికి, మార్చి, పుల్ రిక్వెస్ట్ బటన్ దగ్గర కాసేపు ఆగి, చివరికి నొక్కి ఉంటాడు. ఆ తర్వాత ఏమీ లేదు. మీరు చదువుతున్నారో, నవ్వుకుంటున్నారో, అసలు ఆ ప్రాజెక్టు దగ్గర మనుషులెవరైనా ఉన్నారో లేదో అతనికి తెలియదు. 'ప్లీజ్ మెర్జ్' అన్న కామెంట్ మీకు తొందరపెట్టినట్టు అనిపించి ఉండొచ్చు. నాకైతే అందులో 'ఎవరైనా ఉన్నారా?' అన్న ప్రశ్నే వినిపించింది.

ఇంకో సంగతి వెంటనే చూడండి. మీ ప్రాజెక్టులో టెస్టులు గిట్‌హబ్ యాక్షన్స్ మీద, అంటే గిట్‌హబ్ ఉచితంగా ఇచ్చే యంత్రాల మీద నడుస్తుంటే, అతని పుల్ రిక్వెస్ట్‌కు అవి ఇంకా మొదలే కాకపోయి ఉండొచ్చు. ఇలాంటి ఉచిత యంత్రాలను కొందరు క్రిప్టో కరెన్సీ తవ్వుకోవడానికి వాడుకుంటుంటే, 2021లో గిట్‌హబ్ ఒక అడ్డుకట్ట వేసింది. మొదటిసారి కోడ్ పంపినవాళ్ల విషయంలో మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునేవారు) అనుమతి బటన్ నొక్కితే తప్ప ఏదీ నడవదు. అతనికి మాత్రం అక్కడ పసుపు రంగు గుర్తు, ఎదురుచూస్తున్నట్టు ఒక వాక్యం కనిపిస్తాయి. తనే ఏదో చెడగొట్టానని అనుకునే అవకాశం చాలా ఉంది. ఆ యంత్రాలకు ఏం నడపాలో చెప్పే వర్క్‌ఫ్లో ఫైళ్లలో అతను ఏమీ మార్చలేదని చూసుకుని ఆ బటన్ నొక్కండి. ఎందుకు ఆగిందో ఒక వాక్యంలో చెప్పండి.

ఇక అసలు విషయానికి వద్దాం. మీరు అరగంటకూ రెండు మూడు సాయంత్రాలకూ లెక్క వేసుకున్నారు. అది కోడ్ రాసే సమయం లెక్క. కానీ 1116 దగ్గర తప్పుందని కనిపెట్టడానికి ఎంత సమయం పట్టేదో అందులో లేదు. లైబ్రరీ పెట్టినప్పటి నుంచి మీకు అది కనబడలేదు. ఎందుకో ఊహించగలను. ఇంగ్లీషులో ఇలాంటి కోడ్ ఎలా రాస్తారో చూసి, వేలు ఒక ముక్క, వందలు ఒక ముక్క, మిగిలింది ఒక ముక్క అని విడదీసి, ఒక్కో ముక్కకూ ముందు అంకె పెట్టి ఉంటారు. లెక్క ప్రకారం అది సరైనదే. పెళ్లిలో చదివింపుల దగ్గర కూర్చుని 'వెయ్యి నూట పదహార్లు' అని ఎన్నోసార్లు విన్న చెవికి మాత్రం అది తప్పు. ఆ చెవితో ఒకడు మీ ప్రాజెక్టు దగ్గరకు వచ్చాడు. అతను తెచ్చినదాంట్లో అన్నిటికన్నా విలువైనది ఇదే. కోడ్ చక్కదిద్దడం ఎవరికైనా నేర్పవచ్చు.

తెలుగుకు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మనుషులు ఎంత అవసరమో నేను గట్టిగా నమ్ముతాను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లలో ఏం జరిగిందో గుర్తుందా? 'జ్ఞా' అన్న అక్షరం ఒకానొక రూపంలో, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ హడావిడిగా కొత్త అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అది బయటివాళ్లు తెరిచి సరిచేయగల కోడ్ కాదు కాబట్టి మనం చూస్తూ కూర్చున్నాం. మీ లైబ్రరీ అలా కాదు. ఎవరైనా తెరవవచ్చు, తప్పు చూపించవచ్చు, సరిచేసి పంపవచ్చు. లోకానికి తెరిచి పెట్టిన తర్వాత మొదటిసారి ఒకరు నిజంగానే ఆ పని చేశారు. అందుకు రెండు మూడు సాయంత్రాలు ఇవ్వడం నష్టమని నాకు అనిపించడం లేదు.

అందుకే ఒక్క పని మాత్రం చేయవద్దు. అతని పుల్ రిక్వెస్ట్ మూసేసి, అదే సవరణను మీ పేరుతో మీరు రాసుకోవద్దు. మర్యాదగానే చేసినా, 'థ్యాంక్స్, నేను చూసుకున్నాను' అన్నా, అతనికి అందేది తలుపు మూసిన చప్పుడే.

మరి ఆ 19 ఫైళ్ల సంగతి? ఇది అతని తప్పు కానే కాదు. ఫైల్ సేవ్ చేయగానే కోడ్‌ను సర్దే ఫార్మాటర్ అతని ఎడిటర్‌లో ఉంది, మీ ప్రాజెక్టు ఏ పద్ధతి పాటిస్తుందో దానికి చెప్పే సెట్టింగ్ మీ రిపోజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లుండే చోట) లేదు. రేపు వచ్చే రెండో మనిషికీ ఇదే జరుగుతుంది. ఫార్మాటర్ సెట్టింగ్‌ను ప్రాజెక్టు సెట్టింగులుండే పైప్రాజెక్ట్ ఫైల్‌లో పెట్టండి, ఆ సమస్య మళ్లీ రాదు. ప్రస్తుతానికి పుల్ రిక్వెస్ట్‌లో మార్పులు చూసే చోట ఖాళీల తేడాలను దాచిపెట్టే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే చాలా గోల తగ్గి అసలు సవరణ బయటపడుతుంది. అది పది పదిహేను వరుసలకు మించదని నా అంచనా.

మిగతా 18 ఫైళ్లను పాత రూపానికి తెమ్మని అతన్నే అడగవచ్చు. చాలామంది మెయింటెయినర్లు అలాగే అడుగుతారు. నేనైతే అడగను. కొత్తవాళ్లను ఇంటికి పంపించేది ఎక్కువగా గిట్టే. రీబేస్ చేయి, ఫోర్స్ పుష్ చేయి అని రెండు మాటలు రాస్తాం. అతను రాత్రి కూర్చుని ఏదో కమాండ్ కొడతాడు, ఉన్న మార్పు కూడా మాయమవుతుంది, సిగ్గుపడి పుల్ రిక్వెస్ట్ మూసేస్తాడు. పుల్ రిక్వెస్ట్ తెరిచేటప్పుడు మెయింటెయినర్లు మార్పులు చేయవచ్చు అన్న పెట్టె మామూలుగా ముందే టిక్ అయి ఉంటుంది. అంటే అతని బ్రాంచ్‌లోకి (అతని మార్పులున్న ప్రతిలోకి) మీరు కూడా కమిట్ పంపవచ్చు. ఆ 18 ఫైళ్లను ముందున్నట్టు పెట్టే కమిట్ ఒకటి మీరే పంపండి. పంపేముందు అతనికి చెప్పండి, లేకపోతే తన బ్రాంచ్‌లోకి ఎవరో వచ్చారని కంగారు పడతాడు. తర్వాత తన కంప్యూటర్‌లోకి ఆ మార్పు తెచ్చుకోవడానికి గిట్ పుల్ చేయమని కూడా అక్కడే రాయండి. అసలు సవరణ ఉన్న ఫైల్‌లో కొంత సర్దుబాటు మిగిలిపోయినా ఫరవాలేదు, ఈసారికి వదిలేయండి.

గిట్ తిప్పలు మీరు తీసుకుని, ఆలోచించే పని మాత్రం పూర్తిగా అతనికే వదలండి. ఆ ఆలోచించే పని 100 దగ్గర ఉంది.

అతను చేసింది ఊహించగలను: వందల ముక్కలో అంకె ఒకటి అయితే 'ఒక వంద' బదులు 'నూట' పెట్టాడు. 1116కు అది సరిపోయింది. వెనక ఏమీ లేనప్పుడు 'వంద' అని, వెనక ఏదైనా ఉంటేనే 'నూట' అని అంటామన్నది అతను మాట్లాడేటప్పుడు తెలియకుండానే పాటిస్తాడు, కోడ్‌లోకి మాత్రం తేలేదు. దీన్ని 'తప్పు' అని ఎత్తిచూపే బదులు, చేసి చూసేలా అడగండి. నేనైతే ఇలా రాస్తాను:

'1116 సంగతి కనిపెట్టినందుకు చాలా థ్యాంక్స్. ఇది నా కంటికి ఎప్పుడూ పడలేదు, లైబ్రరీ వాడే అందరికీ ఉపయోగపడే సవరణ. దీన్ని తప్పకుండా తీసుకుందాం. దానికి ముందు రెండు పనులున్నాయి. మీ కోడ్‌కు 100, 101, 199, 200, 216, 2116 ఇచ్చి ఒక్కోదానికి ఏమొస్తుందో చూడండి. ఒక చోట మనం మాట్లాడే పద్ధతికి భిన్నంగా వస్తోంది. ఎక్కడో మీకే తెలుస్తుంది, ఎలా సరిచేయాలో కూడా మీకే తడుతుందని అనుకుంటున్నాను. రెండోది, ఆ సంఖ్యలకే ఒక టెస్ట్ రాయండి. టెస్టుల ఫోల్డర్‌లో లక్షలకు రాసిన టెస్ట్ ఉంది, దాన్ని చూసి అలాగే రాస్తే చాలు. ఎక్కువ ఫైళ్లు మారడం మీ ఎడిటర్ ఫార్మాటర్ వల్ల జరిగింది, దాన్ని నేను సర్దుతాను. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి. తొందరేమీ లేదు.'

ఇందులో నేను కావాలని చేసినవి రెండున్నాయి. ఈ మార్పు తీసుకుంటామని మొదట్లోనే చెప్పాను. కొత్తవాడు రివ్యూ చదివేటప్పుడు అతని మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది, ఉంచుతారా తీసేస్తారా అని. దానికి జవాబు దొరికాక మిగతాదంతా ప్రశాంతంగా చదువుతాడు. రెండోది, 'తీసుకుందాం' అన్నాను. పని ఇప్పుడు ఇద్దరిదీ.

100, 200 విషయం టెస్టులో పడటం వల్ల మీకూ లాభమే. 200 ఒక్కటే ఉంటే 'రెండు వందలు', వెనక పదహారు ఉంటే 'రెండు వందల పదహారు'. 2000 అయితే 'రెండు వేలు', 2116 అయితే 'రెండు వేల నూట పదహారు'. ఇవన్నీ ఇప్పుడు మీ కోడ్‌లో సరిగా వస్తున్నాయో లేదో నాకు తెలియదు కానీ, అతను టెస్ట్ రాస్తే ఇద్దరికీ తెలుస్తుంది. ఇంకో రెండు తప్పులు బయటపడినా ఆశ్చర్యపోను.

ఆ రెండు పనులతో ఆపండి. కోడ్ చదువుతుంటే మీకు ఇంకా పది కనిపిస్తాయి. వేరియబుల్ పేరు నచ్చదు, ఫంక్షన్ పొడుగైందనిపిస్తుంది, కమిట్ సందేశం చూస్తే చిరాకేస్తుంది. ఇవన్నీ రాస్తే అతని ఈమెయిల్ పెట్టెలో వరుసగా పది నోటిఫికేషన్లు పడతాయి. ఏది ముఖ్యమో, ఏది మీ ఇష్టమో తేడా తెలియదు. లైబ్రరీ తప్పు జవాబు ఇవ్వడానికి కారణమయ్యేవి మాత్రమే ఇప్పుడు అడగండి. పేరు లాంటి చిన్నవి మార్చాలనిపిస్తే గిట్‌హబ్‌లో సజెషన్ రూపంలో పెట్టండి. అతను ఒక్క బటన్ నొక్కితే అది అతని బ్రాంచ్‌లో చేరిపోతుంది. కమిట్ సందేశం గురించి అయితే అసలు మాట్లాడక్కర్లేదు. స్క్వాష్ చేసి మెర్జ్ చేస్తే కమిట్లన్నీ ఒకటవుతాయి, ఆ ఒక్కదానికి మీరే మంచి సందేశం రాయవచ్చు. రచయిత పేరు అతనిదే ఉంటుంది.

బాధపడతాడేమోనని మీరు భయపడుతున్నారు. తప్పు చెప్పడం వల్ల మనిషి బాధపడడు, చెప్పే తీరును బట్టి బాధపడతాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు మించిన నిక్కచ్చి రివ్యూ ఎక్కడా ఉండదేమో. అక్కడ కోడ్ నాణ్యత విషయంలో ఎవరూ రాజీపడరు. అయినా 2018 సెప్టెంబరులో దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ తన మెయిల్స్‌లో మనుషులను ఉద్దేశించి వాడిన కటువైన మాటలకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పనికి దూరంగా ఉన్నాడు. కెర్నెల్‌కు కొత్త ప్రవర్తనా నియమావళి కూడా అప్పుడే వచ్చింది. తర్వాత కెర్నెల్ నాణ్యతేమీ పడిపోలేదు. 'మీరు 100ను చూసుకోలేదు' అనే బదులు '100 ఇస్తే నూట అని వస్తోంది' అనండి. విషయం అదే, వేలు మాత్రం మనిషి వైపు చూపించదు.

ఏ భాషలో రాయాలన్నది మీరు అడగలేదు కానీ మీకూ ఎదురయ్యే ఉంటుంది. చాలామంది మన విద్యార్థులు కోడ్ అర్థం చేసుకున్నంత తేలిగ్గా ఇంగ్లీషులో జవాబు రాయలేరు. 'రెస్పెక్టెడ్ మేడమ్' అన్నది కాలేజీ లెటర్ల నుంచి వచ్చిన అలవాటు, అంతకుమించి ఇంగ్లీషులో ఏం రాయాలో తోచకపోవడం కూడా. ఇది తెలుగు లైబ్రరీ, ఇద్దరూ తెలుగువాళ్లు. తెలుగులోనే రాయండి. వేరే భాషలవాళ్లకు అవసరమైన నిర్ణయం ఏదైనా ఉంటే చివర ఒక వాక్యం ఇంగ్లీషులో పెట్టండి, సరిపోతుంది. మేడమ్ అన్నందుకు అతన్ని సరిదిద్దకండి. 'ఇక్కడ అందరం పేర్లతోనే పిలుచుకుంటాం, మీకు ఎలా వీలైతే అలా పిలవండి' అంటే చాలు. ఫోన్‌లో మాట్లాడి వివరించినా మంచిదే. కాకపోతే ఏం అనుకున్నారో తర్వాత పుల్ రిక్వెస్ట్‌లో రెండు వాక్యాలు రాసిపెట్టండి, ఏడాది తర్వాత చూసేవాళ్లకు కారణం తెలియాలి.

ఈ కుర్రాడు నిజంగా ఆసక్తితో వచ్చాడా, రెజ్యూమె కోసం వచ్చాడా అన్న అనుమానం మీ మనసులో ఒక మూల ఉండొచ్చు. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. డిజిటల్ ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు పనిచేయమని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. కొన్ని పుల్ రిక్వెస్టులు పంపితే టీ షర్ట్ ఇచ్చేవారు. 2020లో ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో ఒక పొగడ్త మాట చేర్చి పంపేవాళ్లతో ప్రాజెక్టులు నిండిపోయాయి. మెయింటెయినర్లు గగ్గోలు పెట్టాక, తమంతట తాము చేరిన ప్రాజెక్టులకే అది వర్తించేలా నిర్వాహకులు అదే నెలలో నియమం మార్చారు. అందులో మన దేశపు విద్యార్థుల పేరు బాగా చెడింది. ఆ తర్వాత నిజంగా పని చేద్దామని వచ్చిన పిల్లలు కూడా ఆ అనుమానాన్ని మోయాల్సి వస్తోంది, అది నన్ను బాధపెడుతుంది. మీ దగ్గరకు వచ్చింది అలాంటిది కాదు. ఇందులో ఒక తప్పును కనిపెట్టడం ఉంది, దాన్ని సరిచేసే ప్రయత్నం ఉంది. రెజ్యూమెలో రాసుకుంటాడా, రాసుకోనివ్వండి. ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి అది న్యాయమైన ఆశే.

కోడ్‌ను ఏదైనా ఏఐ రాసి ఉంటుందా అన్నది ఈ రోజుల్లో ఇంకో అనుమానం. జెంటూ అనే లినక్స్ రకం లాంటి ప్రాజెక్టులు 2024లో ఏఐ రాసిన కోడ్ వద్దని నియమమే పెట్టుకున్నాయి. మీ నియమం ఏదైనా సరే, ముందే రాసిపెట్టి ఉండాలి. మనిషి వచ్చాక కనిపెట్టకూడదు. ఈ పుల్ రిక్వెస్ట్ వరకు 100 గురించి అడిగిన ప్రశ్నే సరిపోతుంది. అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే మీకు కావలసింది అందినట్టే.

కోలాబరేటర్‌గా చేర్చమన్న విషయానికి మాత్రం ఇప్పుడే వద్దని చెప్పండి. మెత్తగా, కారణంతో చెప్పండి. కోలాబరేటర్ అయితేనే పని చేయవచ్చని అతను అనుకుంటూ ఉండొచ్చు. నిజానికి ఫోర్క్ నుంచి పుల్ రిక్వెస్ట్ పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పెద్ద ప్రాజెక్టుల్లో ఏళ్ల తరబడి అలాగే పనిచేసేవాళ్లున్నారు. కోలాబరేటర్ అంటే మీ రిపోజిటరీలోకి నేరుగా రాసే హక్కు. దాని బరువు ఎంతో 2024 మార్చిలో అందరికీ తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లుగా దాదాపు ఒక్కడే చూసుకుంటున్నాడు, అలసిపోయి ఉన్నాడు. ఒక ఖాతా రెండేళ్లకు పైగా ఓపికగా, మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించింది. వేరే ఖాతాలు కొన్ని మెయింటెయినర్‌ను తొందరపెట్టాయి, పని ఇంకొకరికి అప్పగించమని ఒత్తిడి తెచ్చాయి. చివరికి రిలీజ్ చేసే హక్కు ఆ ఖాతా చేతికి వచ్చింది, 5.6.0 వెర్షన్‌లో దొంగదారి చేరింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీర్ ఆరా తీయడంతో, మార్చి 29న అది బయటపడింది.

మీ కుర్రాడిని అలాంటివాడిగా చూడమని నేను అనడం లేదు. కొత్తవాళ్లందరినీ శంకించడం ఆ ఉదంతం నుంచి నేర్చుకోవాల్సింది కాదు. మొదటి రోజే నవ్వుతూ పలకరించవచ్చు, శ్రద్ధగా నేర్పవచ్చు, పేరు పెట్టి మెచ్చుకోవచ్చు. తాళాలు మాత్రం పని చూసి, కొంతకాలం గడిచాక, ఎవరూ తొందరపెట్టకుండా మీ అంతట మీరు ఇవ్వాలి. 'ఇంకొన్ని మార్పులు కలిసి చేశాక ఆలోచిద్దాం, ఇప్పటికి దాని అవసరం లేకుండానే మీరు అన్నీ చేయగలరు' అని రాయండి. అది నిజం కూడా.

అతను రెండు పనులూ చేసి పంపితే ఆలస్యం చేయకుండా మెర్జ్ చేయండి. అప్పటికి ఇంకేదో చిన్నది కనిపించినా మెర్జ్ చేశాక మీరు సరిచేసుకోండి. మెర్జ్ చేసేముందు ఒకటి గమనించండి. అతని కమిట్‌లో ఉన్న ఈమెయిల్ అతని గిట్‌హబ్ ఖాతాలో చేర్చినదేనా? కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ మీద గిట్ సెట్టింగ్ చేసుకోని పిల్లలు చాలామంది ఉంటారు. అప్పుడు కమిట్ పక్కన ఫొటో, లింకు ఏమీ లేకుండా ఉత్త పేరే కనిపిస్తుంది, అతని ప్రొఫైల్‌లో ఆ పని లెక్కలోకి రాదు. ముందుగా చెబితే రెండు నిమిషాల్లో సరిచేసుకుంటాడు. తర్వాత రిలీజ్ నోట్స్‌లో అతని పేరుతో ఒక వాక్యం రాయండి, కొత్త వెర్షన్‌ను పైథాన్ లైబ్రరీలు దొరికే PyPI సైట్‌లో పెట్టిన రోజు ఆ సంగతి అతనికి చెప్పండి. తను రాసిన వరుసలు ఎవరో బిల్లు మీద అచ్చు వేసుకుంటున్నారని తెలిస్తే ఆ వయసులో ఎంత సంతోషమో మీకు నేను చెప్పక్కర్లేదు.

అతను జవాబివ్వకుండా మాయమైతే? జరుగుతుంది. పరీక్షలుండొచ్చు, ఇంటర్న్‌షిప్ మొదలై ఉండొచ్చు. రెండు మూడు వారాలు చూసి, వీలు కాకపోతే మిగతాది మీరు పూర్తి చేస్తారని ఒకసారి అడగండి. తర్వాత అతని బ్రాంచ్ మీదే పూర్తి చేసి మెర్జ్ చేయండి, అతని పేరు ఉండనివ్వండి.

మీ సాయంత్రాల గురించి కూడా ఆలోచించాను. ఒకే వివరణను వచ్చిన ప్రతివారికీ మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి వస్తే మీరు నిజంగానే అలసిపోతారు. ప్రాజెక్టులో ఎలా పాలుపంచుకోవాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ ఒకటి ఉంటే, కొత్తగా ఎవరైనా పుల్ రిక్వెస్ట్ తెరిచేటప్పుడు గిట్‌హబ్ దాని లింకు చూపిస్తుంది. ఆ ఫైల్ మీరు రాయకండి, అతన్ని రాయమనండి. ప్రాజెక్టు మొదటి నుంచి మీ కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి దాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునేటప్పుడు ఎక్కడ ఆగిపోతారో మీకు తెలియదు. అతను ఆగిపోయిన చోట్లన్నీ ఇప్పుడు అతనికి గుర్తున్నాయి, ఇంకో నెల పోతే అతనూ మరిచిపోతాడు. టెస్టులు ఎలా నడపాలి, ఫార్మాటర్ ఏది, 100 లాంటి చోట ఏం చూసుకోవాలి, ఇవి ఒక పేజీలో రాస్తే చాలు. రెండో పుల్ రిక్వెస్ట్ పంపడానికి అతనికి ఒక కారణం కూడా దొరుకుతుంది.

దానితోపాటు కొన్ని చిన్న పనులను మీరు చేయకుండా పక్కన పెట్టి, వాటికి గుడ్ ఫస్ట్ ఇష్యూ (కొత్తవాళ్లకు తగిన పని) అన్న లేబుల్ తగిలించండి. ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రే ఆఫీస్ వాళ్లు ఈజీ హ్యాక్స్ పేరుతో ఎన్నో ఏళ్లుగా ఇదే చేస్తున్నారు. వాళ్ల కోడ్ జర్మనీలో పుట్టింది కాబట్టి లోపల కామెంట్లు వేలకొద్దీ జర్మన్‌లో ఉండేవి. వాటిని ఇంగ్లీషులోకి మార్చడం కొత్తవాళ్ల పనిగా పెట్టారు. ప్రోగ్రామింగ్ పెద్దగా రాకపోయినా చేయవచ్చు, ఏదీ పాడవదు, చేస్తూ చేస్తూ కోడ్ ఎక్కడేముందో తెలిసిపోతుంది. మీ లైబ్రరీలోనూ అలాంటివి దొరుకుతాయి. 'పదహారో' అనే క్రమసంఖ్యలు, 'లక్షన్నర' లాంటి వాడుకలు, రూపాయలతోపాటు పైసలు. ఒక్కోదానికి ఏ ఫైల్‌లో మొదలుపెట్టాలో, ఏ సంఖ్య ఇస్తే ఏం రావాలో రెండు ఉదాహరణలతో రాయండి. తొందరలేని పనులే ఎంచుకోండి, ఎందుకంటే ఎవరో వచ్చేదాకా అవి అలాగే ఉండాలి. ఖాళీ సాయంత్రం దొరికిందని వాటిని మీరే పూర్తి చేసేయకండి.